రైలు గేటు ఎత్తులో ఆగిన మోటారు

మా మరిది మోటారు ముసలిదయ్యాకే మా ఊరు వచ్చింది. ఎవరో దొర వాడి వదిలేసిన కారు. వెనక సీట్లు పీకేసి చెక్కల పెట్టె బిగించారు. మా భావనపాడు చేప ఎండ ముదరకముందే టెక్కలి బజారుకి చేరాలంటే అదొక్కటే దిక్కు. మా ఆయన్ని సముద్రం తీసుకుపోయాక నా బతుకంతా ఆ పెట్టెలో ఒక గంప పట్టేంత చోటు. ఆ చోటు పోతే నెత్తిన పెట్టుకుని నడవాలి. నడిస్తే చేప దారిలోనే మెత్తబడిపోతుంది.

ముండమోసినదాన్ని కదా, బండి బయలుదేరేటప్పుడు ఎదురుపడకూడదు. ఆ జాగ్రత్త నేనే పడేదాన్ని. శుక్రవారం నా తోడికోడలు మోటారుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చేదాకా పాక వెనకే నిలబడేదాన్ని. చేపల గంపలతో ఆడవాళ్లంతా ఎక్కాక చివరన ఎక్కేదాన్ని.

ఆ శుక్రవారం నౌపడ దాకా బాగానే వచ్చాం. రైలు గేటు ఎత్తు ఎక్కుతుంటే ఇంజను దమ్ము తగ్గింది. దగ్గింది, మూలిగింది, మనిషి నడక కన్నా మెల్లగా పాకి ఆగిపోయింది. బరువు తగ్గాలని మరిది అందరినీ దిగమన్నాడు. అద్దం ముందున్న పెట్రోలు టాంకీ మూత తీసి పుల్ల ముంచి చూశాడు. పెట్రోలుంది. ప్లగ్గులు విప్పి మసి తుడిచాడు. తిప్పితే పలికింది. ఎక్కాం. కొంతదూరం పోయాక మళ్లీ అదే నీరసం. మళ్లీ మూత తీశాడు, ఈసారి గొట్టం కూడా విప్పాడు. పెట్రోలు ధారగా కారింది.

"నలకా నేదు, నీరూ నేదు. ఏటయినాదో తెల్డం నేదు" అన్నాడు.

గంపల వాళ్లలో పెద్దామె, "పొద్దున్నే ఎవులి మొకం సూసినావేటి?" అంది.

పక్కనున్నామె నవ్వింది. "సూడ్డమేటప్పా, ఎక్కించుకుని మరీ తిప్పుతన్నాడు గదా!"

వాళ్లు నా వైపు చూడలేదు. చూడనక్కర్లేదు.

ఇంకోసారి ఆగినప్పుడు మరిది మూత తిప్పుతూ, ఆ మూతకే చెబుతున్నట్టు అన్నాడు: "ఒదినా, నువ్వీపాలి నడిసొచ్చీ. నీ గంప నాను సూసుకుంతాను."

"నానే సెప్దామనుకున్నాను బాబూ" అన్నాను.

మాట వరసకి కాదు, నిజంగానే అనుకున్నాను. ఇంజను మొదట దగ్గినప్పుడే, ఎవరూ నోరు విప్పకముందే, ఇది నావల్లే అనుకున్నాను. నేను చెప్పేదంతా రాస్తున్నావుగా మనవరాలా, అదీ రాయి.

నేను దిగగానే మోటారు చలాకీగా దుమ్ము లేపుకుంటూ పోయింది. రేపటినుంచి నాకా చోటు లేదనుకుంటూ చెంగు కప్పుకుని నడిచాను.

మలుపు తిరిగేసరికి మోటారు ఆగి ఉంది. అందరూ దిగి నిలబడ్డారు. నన్ను చూసి పెద్దామె తల తిప్పుకుంది. నాకు లోపల సంతోషం పొంగింది. అందరి చేపా ఎండలో పాడైపోతుంటే నాకు సంతోషమేమిటి? దానికీ సిగ్గేసింది.

తప్పు మోపడానికి మనిషి లేకపోయేసరికి మరిది మోటారునే చూశాడు. మూత తిప్పి, ఆగి, చెవి పెట్టాడు. టాంకీ గాలిని ఉస్సుమని లోపలికి పీల్చుకుంది. మూత తీసి వెలుతురుకి పట్టాడు. దాని నడిమధ్య గాలి పోవడానికి చిన్న కంత ఉంటుంది. ఎప్పుడూ అద్దం చట్టానికి పెట్టే పసుపుబొట్టు తోడికోడలు ఈసారి మూతకి పెట్టింది. పసుపుముద్ద ఆ కంతలో గట్టిపడి బిరడాలా బిగుసుకుంది. లోపలికి గాలి పోక పెట్రోలు కిందికి దిగడం లేదు. ఆగిన ప్రతిసారీ మూత తీయడంతో గాలి లోపలికి పోయి, మళ్లీ కొంతదూరం నడిచేది. అంతే సంగతి.

మరిది పసుపు గీకి పారేశాడు. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇంటికాడ సెప్పకొదినా. దాని సేతి బొట్టు వల్లని తెలిత్తే ఏడుత్తాది. ఎక్కు."

నేను చెప్పలేదు. తోడికోడలి మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దామె కొంచెం జరిగి, "రాయే, ఇటు కూకో" అంది.

నా చోటు నాకు దక్కింది. ఇంజను మళ్లీ దమ్ము తప్పలేదు. టెక్కలి మొదట్లో ఎద్దుబండి అడ్డొస్తే మరిది వేగం తగ్గించాడు. ఇంజను గొంతు తగ్గగానే గంప పట్టుకుని లేచి నిలబడ్డాను, దిగిపోవడానికి.

"ఎక్కడికే? ఇంకా ఊరు రానేదు" అంది పెద్దామె.

అందరూ నన్నే చూశారు. తల వంచుకుని కూర్చున్నాను.