కొత్త బండికి వెనుక సీటు పరీక్ష

లద్దాఖ్ దాకా మమ్మల్ని మోసిన పాత టూరింగ్ బైకుకు ఇప్పుడు స్పేర్ పార్టులు దొరకడం లేదు. అందుకే ఈ రోజు నేనూ మా ఆవిడా సుబేదారిలో ఒక షోరూమ్‌కు వెళ్లాం. నాకు నచ్చిన ఎత్తైన బండి మీద ఆమెను ఎక్కించుకుని ఒక రౌండ్ కొట్టి వచ్చాను. దిగగానే ఆమె చేత్తో నడుం పట్టుకుంది.

"ఈ సీటు మీద నర్సంపేట దాంక గూడ కూసోలేను," అంది.

"మేడమ్, ఇది నడిపేటోళ్ల కోసం చేసిన బండి," అన్నాడు సేల్స్‌మన్.

"అట్లనా తమ్మీ? అయితె ఈయననొక్కన్నే పోనియ్యి. నేను బస్సుల పోత."

ఆమె వెనుక లేకుండా నేనెప్పుడూ దూరం వెళ్లలేదు, వెళ్లాలనీ లేదు. వేగం తక్కువైనా వెనుక సీటు వెడల్పుగా ఉన్న బండినే బుక్ చేశాను. రంగు మాత్రం నా ఇష్టానికే వదిలేసింది. మీ ఇళ్లలోనూ ఇంతేనా?