నీళ్లు తాగించకుండా కర్నూలు దాకా

మా పాపకు పదకొండేళ్లు. పుట్టుకతోనే వెన్నులో లోపం ఉండడం వల్ల మూత్రసంచికి నరాల పట్టు లేదు. మూడు గంటలకోసారి సన్నని గొట్టం పెట్టి మూత్రం తీయాలి. బడిలో ఆ పని చేయడానికి రోజూ మధ్యాహ్నం నేనే పోతాను. పేగు ముక్కతో సంచిని పెద్దది చేసి, బొడ్డు దగ్గర చిన్న దారి పెడితే గొట్టం తనే పెట్టుకోగలదని కర్నూలు డాక్టరు చెప్పారు. అప్పుడు నేను లేకుండానే ఆరో తరగతికి పోతుంది. ఆ ఆపరేషన్ కోసమే ఈ ప్రయాణం.

వేంపల్లెలో ఐదుంపావు బస్సెక్కితే కడప చేరేసరికి ఆరున్నర దాటింది. అక్కడ స్టాండులో పాపకు గొట్టం పెట్టి, ఏడు గంటలకు కర్నూలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే మా ఇద్దరికీ సున్నా టికెట్టే. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా ఐదు గంటల దారి. మా ఇళ్లల్లో ఆడవాళ్లు బస్సెక్కే రోజు నీళ్లు ముట్టరు. దారిలో మరుగు దొరకదని మా అమ్మ నాకు నేర్పింది, నేను పాపకు నేర్పాను. ఆళ్లగడ్డలో పక్కావిడ సీసా వైపు పాప చూస్తుంటే, కర్నూల్లో తాగుదువులే అన్నాను. నంద్యాల స్టాండులో మరుగుదొడ్డికి పాపను లాక్కుని పోతుంటే కండక్టరు నవ్వాడు. "అట్ల పరిగెత్తబాకమ్మా, డ్రైవరన్న ఇంకా టీ తాగలా." గొట్టం పెడితే అరవై మిల్లీలీటర్లు వచ్చింది, ముదురు పసుపు రంగులో. బట్ట తడవలేదని నోటుపుస్తకంలో తృప్తిగా రాసుకున్నాను.

స్టాండు నుంచి ఆటోకు ఎనభై రూపాయలు. పన్నెండున్నరకు ఆసుపత్రిలో ఉన్నాం. రక్తం, మూత్రం ఇచ్చాక నాలుగు గంటలకు డాక్టరు పిలిచారు. రెండేళ్లుగా నేను రాసిన పుస్తకం మొదటి పేజీ నుంచీ తిప్పారు.

"ఎంత వచ్చిందో బాగా రాసినావమ్మా. ఎంత తాగిందో యాడ రాసినావు?"

దప్పికైతే తాగుతుందన్నాను. పాప నా వైపు చూడకుండా చెప్పింది.

"బడి ఉండే దినం మాయమ్మ గుక్కెడే ఇస్తాది సార్. బస్సు దినం అదీ ఇయ్యదు."

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ లెక్క పోయినసారి కంటే పెరిగింది, అది పెరగకూడదు. ఆపరేషన్‌లో సంచికి అతికించే పేగులో జిగురు ఊరుతూనే ఉంటుందని, నీళ్లు చాలకపోతే గొట్టం మూసుకుపోయి రాళ్లు పడతాయని డాక్టరు వివరించారు.

"నేను కోసేది ఒక పూట. ఆ తర్వాత జీవితమంతా చూసుకోవాల్సింది మీరు. మూడు నెలలు నీళ్లు తాగించి, రాసుకోని రా. ఈ పుస్తకం చూసి నేను కొయ్యలేను."

ఇన్ఫెక్షన్‌కు మందులు రాసి పంపించారు. మెట్ల మీద పాప అడిగింది. "ఆరో తరగతికి గూడా నువ్వే వస్తావా మా?" 

తలుపుకు గొళ్లెం లేని బడి మరుగుదొడ్డినీ, తడిసిన గౌను చూసి నవ్విన పిల్లలనూ వచ్చేదారంతా తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ న్యాయమే. కానీ బిడ్డ చేతిలోంచి సీసా తీసుకున్నది వాళ్లెవరూ కాదు.

ఇలాంటి బిడ్డతో బయల్దేరేవాళ్లు బస్సెక్కగానే కండక్టరుకు సంగతి చెప్పండి, ఆపుతారు. నంద్యాల స్టాండులో మరుగుదొడ్డికి ఐదు రూపాయలు, లోపల గొళ్లెం ఉంది. నీళ్లు మాత్రం ఆపకండి. మార్చడానికి రెండు జతలు పెట్టుకోండి. బట్టలైతే ఉతుక్కోవచ్చు.