కదలకమ్మ, ఊఁ సార్ చొక్కా

మా మేనకోడలికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. వీధిలో నిలబడి ఆ పేరుతో పిలిస్తే ఎవరూ పలకరు, తనతో సహా. అందరికీ తను కదలకమ్మ. కెమెరా చేతికొచ్చిన మొదటి ఏడాదంతా ఆ పిల్ల నోట్లోంచి ఊడిపడిన మాట అదొక్కటే మరి. పాలు పోసేవాణ్ణి కదలకన్నది. పక్కింటి పిల్లిని కదలకన్నది. గోడకి సున్నం వేయడానికి నిచ్చెనెక్కిన మనిషిని కూడా కదలకన్నది. పాపం అతను ఒంటికాలి మీద అలాగే ఉండిపోయాడు.

తప్పు పిల్లది కాదు, కెమెరాది. ఎవరో వాడి వదిలేసిన పాతది. వెలుతురు కాస్త తగ్గితే చాలు, ఎదుటివాళ్ళు రెప్ప వేసినా ఫోటో చెదిరిపోయేది. ఒకసారి మా బావ సరిగ్గా ఆ క్షణంలోనే తుమ్మాడు. కూతురు రెండు రోజులు మాట్లాడలేదు. అప్పట్నుంచి కెమెరా కనబడితే చాలు, బావ రాయి అయిపోతాడు.

"బావా, ఊపిరి తీసుకో. దానికి ఫోటో ఏమీ కాదు" అనేవాణ్ణి.

"నువ్వూరుకోరా. మళ్ళీ మాట్లాడటం మానేస్తే నువ్వొచ్చి మాట్లాడిస్తావా?" అనేవాడు పెదాలు కదపకుండా.

బావది లాండ్రీ. ఇంటి ముందు భాగమంతా అదే. ఒక గోడ వారగా గుండ్రటి అద్దాల తలుపులున్న వాషింగ్ మెషిన్లు వరసగా ఉంటాయి. వాటికి ఎదురుగోడన పొడుగాటి ఇస్త్రీ బల్ల, వీధి వైపు కౌంటర్, వెనక ఆరేసే తాళ్ళు. మా అక్క మెషిన్ల నుంచి తాళ్ళకీ, తాళ్ళ నుంచి బల్లకీ, బల్ల నుంచి కౌంటర్‌కీ తిరుగుతూనే ఉంటుంది. తను కూర్చోగా నేను చూసింది తన పెళ్ళి ఫోటోలోనే. నాది పక్క సందులో వెల్డింగ్ పని. టీ వేళకి మాత్రం లాండ్రీలో బల్ల పక్కనున్న స్టూలు నాది.

ఊఁ సార్ ఈ లాండ్రీకి చాలా కాలంగా వస్తున్న మనిషి. కాలేజీలో ఫోటోగ్రఫీ చెబుతాడు. ఒకరోజు చొక్కాల కోసం కౌంటర్ దగ్గర ఎదురుచూస్తూ, గోడకి మా పిల్ల అతికించిన ఫోటో చూశాడు. వాననీటి మడుగులో తలకిందులైన బస్సు. చాలాసేపు చూసి "ఊఁ" అన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, అమ్మాయిని కాలేజీలో చేర్పించమని చెప్పి వెళ్ళాడు. ఆయన మాట్లాడేది తక్కువ, ఊఁ కొట్టేది ఎక్కువ. ఆ ఊఁ తోక పైకి లేస్తే విద్యార్థులు పండగ చేసుకుంటారు. తోక కిందికి దిగితే సంచీ సర్దుకుంటారు. ఎటూ పోకుండా చదునుగా ఉండే ఊఁ ఒకటుందని చెప్పుకుంటారు గానీ, విన్నవాళ్ళు లేరు.

మొదటి ఏడాది చివర పరీక్ష ఇది: పేరున్న ఫోటోగ్రాఫర్లను ఇద్దర్ని ఎంచుకుని, వాళ్ళ పని చూసి నేర్చుకుని, ఆపైన తన సొంత ఫోటోల వరస ఒకటి తీసి చూపించాలి. నచ్చితే రెండో ఏడాదిలో సీటు. నచ్చకపోతే మళ్ళీ మొదటి నుంచి. మా పిల్లకి రెండోది వినబడనే లేదు. "రెండో ఏడాదిలో ఏం తీయాలో కూడా అనుకున్నాను మామయ్యా" అంది. అలా ఉంటుంది దాని లెక్క.

లైబ్రరీలోంచి రెండు లావుపాటి పుస్తకాలు మోసుకొచ్చింది. మొదటిది ఒక పెద్దాయనది. జన్మంతా ఊరిని షాపుల అద్దాల్లోనే చూసి తీశాడట. బస్సులు, మబ్బులు, మనుషులు, అన్నీ అద్దంలోనే. మేం ఆయనకి కిటికీ పెద్దాయన అని పేరు పెట్టుకున్నాం. రెండో ఆవిడ కెమెరా తలుపు, అదే షట్టర్, నిమిషాల తరబడి తెరిచి ఉంచుతుంది. స్టేషన్లో పరుగెత్తే జనమంతా పొగమంచులా కరిగిపోతే, కదలకుండా నిలబడ్డవాళ్ళే మిగులుతారు. ఆవిడ నిదానమ్మ.

మా పిల్లకి నిద్ర పట్టనివ్వనిది పెద్దాయన. అద్దం ముందు నిలబడి తీసినవాడు అద్దంలో కనబడాలి కదా?

"మామయ్యా, పుస్తకమంతా భూతద్దం పెట్టి చూశాను. ఒక్కదాంట్లోనూ లేడు. టోపీ అంచు కూడా లేదు."

"దెయ్యమేమోనే."

"దెయ్యాలకి పుస్తకం ఎవరేస్తారు మామయ్యా?"

బజారు వీధికి బయల్దేరింది. తీసిన ప్రతి ఫోటోలో మబ్బులున్నాయి, బస్సులున్నాయి, వాటి మధ్యన ఒక కన్ను మూసుకుని, మూతి సున్నాలా చుట్టుకుని మా పిల్ల ఉంది. పక్కకి జరిగితే భుజం వచ్చింది. కూర్చుంటే జుట్టు వచ్చింది. చివరికి మా అక్క నల్ల దుప్పటి కప్పుకుని ఒక బట్టల షాపు ముందు నిలబడింది. లోపల్నుంచి షాపాయన పరుగున వచ్చాడు.

"ఏమ్మా, ఎవరు పోయారని మా షాపు ముందు ఈ వేషం? వచ్చే బేరం కూడా దడుచుకుని పోతోంది!"

"కదలకండి సార్. అద్దంలో మీరు చాలా బాగున్నారు" అంది దుప్పటి.

ఆయన కోపం మర్చిపోయి కాలర్ గుండీ పెట్టుకుని నిలబడ్డాడట. ఆ ఫోటోలో కూడా ఆయన పక్కన నల్లటి మూటొకటి ఉంది.

వాటిలో మంచివి ఏరి ఊఁ సార్ ముందు పెడితే, ఊఁ తోక నేలకి తాకింది. పైగా ఆయన ఏకంగా మూడు వాక్యాలు మాట్లాడాడు. "ఇవన్నీ పెద్దాయన ఎప్పుడో చూసేశాడు. నీకేం కనబడిందో అది పట్టుకురా. శుక్రవారం ఆఖరు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇంటికొచ్చి, అన్నం తిని, లాండ్రీలో మెషిన్ ముందు నేల మీద చతికిలబడింది. బట్టలు తిరుగుతున్నాయి, పిల్ల చూస్తోంది.

"ఏమే, బట్టలు తిరగడం ఎప్పుడూ చూడలేదా?" అంది అక్క, తడిబట్టల బుట్టతో దాని మీంచి దాటుతూ.

పిల్ల కళ్ళు మెషిన్ తలుపు మీదే ఉన్నాయి. ఆ ఉబ్బెత్తు అద్దంలో గది గదంతా ఉంది. విల్లులా వంగిన ఇస్త్రీ బల్ల, దాని వెనక వేలెడంత బావ, పక్కన స్టూలు మీద బొటనవేలంత నేను. మా వెనక, అద్దానికి అవతల, గిరగిరా తిరిగే రంగులు.

చటుక్కున లేచి నా దగ్గరకొచ్చింది. "మామయ్యా, నీ వెల్డింగ్ అద్దం ఇవ్వు."

"ఎందుకే?"

"నిదానమ్మలా తలుపు చాలాసేపు తెరవాలి. అలా తెరిస్తే వెలుతురు పొంగిపోతుంది. నల్లద్దం అడ్డం పెడితే ఆగుతుంది."

"మరి నేను పని దేంతో చేసుకోను?"

"రెండ్రోజులు టీ తాగు."

ఆ అద్దాన్ని రబ్బరు బ్యాండ్లతో కెమెరా మూతికి బిగించింది. మొదటి ఫోటోల్లో మేమంతా పాచి పట్టినట్టు ఆకుపచ్చగా వచ్చాం. రంగు తీసేసి నలుపు తెలుపుల్లోకి మార్చేసింది.

బుధవారం మధ్యాహ్నం కెమెరాని మూడు కాళ్ళ స్టాండు మీద మెషిన్ అద్దానికి ఎదురుగా పెట్టి అంతా సిద్ధం చేసింది. మెషిన్లో బట్టలు తిరుగుతున్నాయి. బల్ల మీద తెల్ల చొక్కా ఉంది. ఊఁ సార్‌ది, పరీక్ష పెట్టే శుక్రవారం లాంటి రోజుల్లో మాత్రమే తొడుక్కునేది.

"నాన్నా, ఈసారి నువ్వు మామూలుగా ఇస్త్రీ చేసుకో. కదిలితేనే బాగుంటుంది. సరేనా?"

"సరే తల్లీ, అలాగే" అన్నాడు బావ.

పిల్ల మీట నొక్కింది. టక్‌మని కెమెరా తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆ చప్పుడు వింటూనే, ఏడాది పాటు అలవాటైన ఒళ్ళు, బావ రాయి అయిపోయాడు. ఇస్త్రీ పెట్టె చొక్కా మీద ఉంది. చెయ్యి పెట్టె మీద ఉంది.

సరిగ్గా అప్పుడే కౌంటర్ దగ్గర ఒకావిడ గొంతు లేచింది. "గుండీ ఏదీ? నేనిచ్చినప్పుడు గుండీ ఉంది!" కెమెరా తలుపు ఎలాగూ తెరిచే ఉండాలి కదా అని పిల్ల అటు పరుగెత్తింది. గుండీ గొడవ తెగలేదు. బుట్ట తిరగేసింది, మెషిన్ల కింద వెతికింది, మళ్ళీ కౌంటర్‌కి పరుగెత్తింది. ఈలోగా మా అక్క బుట్టలతో అడ్డంగా నాలుగైదుసార్లు నడిచింది.

నాకు వాసన తగిలింది. కానీ నేనూ అద్దంలో ఉన్నాను. కదిలితే మాటలు బంద్. కళ్ళు మాత్రం బావ వైపు తిప్పాను. బావ కళ్ళు నా వైపు తిప్పాడు. ఇద్దరి మధ్యనా సన్నటి పొగ లేచింది.

చివరికి గుండీ ఆవిడ ఇచ్చిన చొక్కా జేబులోనే దొరికింది. పిల్ల పరుగున వచ్చి మీట నొక్కి "అయిపోయింది, కదలొచ్చు" అనగానే బావ పెట్టె ఎత్తి ఎగిరి గంతేశాడు. చొక్కా వీపు మీద గోధుమరంగులో పడవ ఒకటి తేలింది.

"నాన్నా! కాలుతుంటే తీయొద్దూ?"

"నువ్వు కదలొచ్చని చెప్పలేదుగా!"

"కదలమని ముందే చెప్పానుగా!"

"అది తలుపు తెరవక ముందు చెప్పావు." బావ నా మీద పడ్డాడు. "ఏరా బామ్మర్దీ, నువ్వేం చేస్తున్నావు? నోరు లేదా?"

"నేనూ ఫోటోలో ఉన్నాను బావా."

అక్క చొక్కా ఎత్తి చూసి తల పట్టుకుంది. "పరీక్ష పెట్టే మనిషి చొక్కాయే దొరికిందా మీ ఇద్దరికీ!"

పిల్ల ఇవేవీ వినడం లేదు. కెమెరా వెనక తెర చూస్తోంది. మేం ముగ్గురం భుజాల మీంచి తొంగి చూశాం. బట్టలన్నీ కరిగి చంద్రుడు గుడికట్టినట్టు వలయాలయ్యాయి. ఆ వలయాల్లో బావ, చెక్కిన బొమ్మలా ఉన్నాడు. పెట్టె దగ్గర్నుంచి పొగ లేచి పల్చటి తెరలా భుజాన వాలింది. ఒక మూల మూడు కాళ్ళ మీద కెమెరా బుద్ధిగా నిలబడి ఉంది. దాని వెనక ఎవరూ లేరు.

"నేనేదే?" అంది అక్క. "పొద్దున్నుంచి ఇక్కడే చస్తున్నాను. నేనెక్కడా లేనా?"

"నువ్వు ఆగలేదమ్మా" అంది పిల్ల నెమ్మదిగా. మళ్ళీ తనలో తాను అన్నట్టు, "నేనూ ఆగలేదు. దాక్కోనక్కర్లేదు. ఆగకపోతే చాలు."

"బాగుందిగా, ఇంకేం, ఇదే చూపించు" అన్నాను నేను.

"ఇది నేను తీసింది కాదు మామయ్యా, జరిగింది. ఇప్పుడు తీస్తాను."

గురువారమంతా లాండ్రీ దాని చేతిలోకి వెళ్ళిపోయింది. బల్ల మీద చొక్కా బదులు తడి తువ్వాలు, దాని మీద పెట్టె, పొగ బదులు ఆవిరి. "నేను చెప్పినా చెప్పకపోయినా వాసనొస్తే పెట్టె ఎత్తు నాన్నా" అని బావ చేత ఒట్టు వేయించుకుంది. మీట నొక్కిన మరుక్షణం బుట్ట ఎత్తుకుని అక్కతో పాటు తిరిగేది. ఎక్కడైనా ఊపిరి తీసుకోవడానికి ఆగితే అద్దంలో సగం తల గాజులా తేలేది. చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టేది.

"ఈ ఫోటోల పుణ్యమా అని ఒక్కరోజు నాకు సాయం చేశావు" అంది అక్క.

సాయంత్రానికి ఉతకడానికి బట్టల్లేవు. ఉతికినవే మళ్ళీ ఉతికారు. కిటికీ తెరలు పీకి వేశారు. అప్పుడు పిల్ల చూపు నా మీద పడింది.

"మామయ్యా, నీ చొక్కా గళ్ళది. బాగా తిరుగుతుంది. విప్పు."

అలా, బనీనుతో స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయే ఖాతాదార్లందరికీ నమస్కారం పెట్టకుండా, కదలకుండా, నేను కళాసేవ చేశాను.

శుక్రవారం పొద్దున అక్క సలహా చెప్పింది. "ముందు మిగతావి చూపించవే. సీటు సంగతి తేలాక చొక్కా సంగతి చెబుదాం."

"కుదరదమ్మా. ఆ ఫోటో లేకపోతే మిగతావి లేవు. సీటు పోతే పోనీ, వచ్చే ఏడాది మళ్ళీ ఇక్కడి నుంచే మొదలుపెడతాను."

కాల్చింది తనే కాబట్టి చెప్పాల్సింది కూడా తనేనని బావ చొక్కా పొట్లం పట్టుకుని బయల్దేరాడు. నా అద్దం తెచ్చుకునే వంకతో నేనూ వెంటపడ్డాను.

ఊఁ సార్ మామూలు చొక్కాలో ఉన్నాడు. పిల్ల ఫోటోలన్నీ బల్ల మీద వరసగా పరిచి, ఒక్కదాన్ని విడిగా పెట్టింది.

"ఇది పొరపాటు సార్. దీన్ని చూసి మిగతావి తీశాను. ఇందులో పెట్టె కింద ఉన్నది మీ చొక్కా."

బావ పొట్లం ముందుకి చాచి, అలవాటు కొద్దీ బిగుసుకుపోయాడు. ఆయన పొట్లం విప్పలేదు. ముందు విడిగా ఉన్నది చూశాడు, తర్వాత వరసంతా చూశాడు, మళ్ళీ మొదటికొచ్చాడు.

"ఊఁ" అన్నాడు.

చదునుగా ఉంది. పైకీ లేదు, కిందికీ లేదు. మా పిల్ల పిడికిళ్ళు బిగించింది.

"వీటిలో నువ్వెక్కడ?"

"అన్నిట్లో ఉన్నాను సార్. బట్టలు మోస్తున్నాను. అమ్మా ఉంది. మేం ఆగలేదు, అందుకే కనబడం. నాన్న ఆగాడు. ఆగమంటే ఆగుతాడు."

ఊఁ సార్ బావ వైపు తిరిగాడు. "కాలుతుంటే తీయలేదా?"

"అమ్మాయి కదలొచ్చని చెప్పలేదండీ."

ఆయన ఆ విడి ఫోటోని ఎత్తి వరస మొదట్లో పెట్టాడు. "ఊఁ" అన్నాడు. ఈసారి తోక లేచింది, లేచి అలా పైకి పోతూనే ఉంది. ఆ తర్వాత నన్ను చూపిస్తూ, "రెండో ఏడాదికి మీ మామయ్య అద్దం సరిపోదు. ఇచ్చేయ్" అన్నాడు.

దాని అర్థం బోధపడటానికి బావకి కాలేజీ గేటు దాటేదాకా పట్టింది.

తర్వాతి వారం ఊఁ సార్ కొత్త తెల్ల చొక్కా ఒకటి తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. నేను స్టూలు మీదే ఉన్నాను.

"ఇస్త్రీ చేసేటప్పుడు కాస్త కదలండి" అన్నాడు బావతో.

బావ లోపలి గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అమ్మాయి కాలేజీకి వెళ్ళాక చేస్తానండీ."