పన్నెండో జెర్సీ

మా అక్కకు నోటికంటే ముందు ఈల పలుకుతుంది. పాలు పొంగినా ఈలే, నేను ఆమె దువ్వెన తీసుకున్నా ఈలే. మహిళా కళాశాలలో బాస్కెట్‌బాల్ కోచ్‌గా జుట్టు నెరిసిన మనిషి, ఇంట్లోనూ కోచే. ఆమె జట్టుకు జెర్సీలు కుట్టేది నేను. వీధి మొదట్లో నా కుట్టు దుకాణం. ఏటా పన్నెండు జెర్సీలు, వీపున పన్నెండు అంకెలు. "అంకె వంకరగా ఉందేమే?" అని అక్క అడగని ఏడు లేదు. వంకర అంకెలో లేదు, ఆమె చూపులో ఉంది. కళ్లద్దాలు పెట్టుకోమంటే చెవిన పెట్టదు.

జట్టులో పన్నెండు మంది ఉంటారు. ఒకసారికి ఆడేది ఐదుగురు. మిగతావాళ్లు బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం చూస్తారు. చదువుకునే రోజుల్లో అక్క ఆ బెంచీ మీదే మూడేళ్లు కూర్చుంది. ఆఖరి ఏడు ఫైనల్స్‌కి అమ్మ పని మానుకుని మరీ వెళ్లింది. ఆ రోజు కూడా అక్కను దింపలేదు. ఇంటికొచ్చాక అమ్మ, వెటకారమేమీ లేకుండానే, "అంతసేపూ చూశాను, నువ్వెక్కడ ఆడావే? కనబడనే లేదు" అంది. అక్క చెమటచుక్క పడని జెర్సీని తీసుకెళ్లి, ఉతికి ఆరేసింది.

కోచ్ అయ్యాక ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ఆట ముగిసేలోగా పన్నెండు మందీ కోర్టులో దిగాలి. గెలుస్తున్నా సరే, ఓడుతున్నా సరే. "ఇది ఆటా, భోజనాల బంతా మేడం, అందరికీ వడ్డించడానికి?" అని మిగతా కోచ్‌లు కడుపుబ్బ నవ్వేవాళ్లు. "ఆకలి అందరికీ ఉంటుంది కదండీ" అనేది అక్క. ఆ వడ్డన వల్లే ప్రతిసారీ ఫైనల్స్ దాకా వచ్చి ఓడేవాళ్లు. ప్రిన్సిపాల్ గది అల్మరాలో అన్నీ రెండో బహుమతి కప్పులే. అక్కకు 'రన్నరప్ మేడం' అని పేరు స్థిరపడిపోయింది.

కిందటేడు కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది. చెడ్డమనిషేం కాదు. అక్కకు టీ తెప్పించి మరీ చెప్పింది.

"నాకూ పైన అడిగేవాళ్లున్నారు మేడం. ఈసారి మొదటి కప్పు రాకపోతే జట్టును ఇంకో కోచ్‌కి అప్పగించాల్సి వస్తుంది. మీకు లైబ్రరీలో పని ఇస్తాను. హాయిగా కూర్చోవచ్చు."

మా అక్కను కూర్చోబెడతానంది! మళ్లీ ఆ బెంచీయే కదా అనిపించి నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం ఆ సాయంత్రం నా దుకాణంలో ఒక మూల కూర్చుని, గుడ్డముక్కలు మడతపెడుతూ ఉండిపోయింది. ఒక్క ఈల కూడా వేయలేదు. అప్పుడు భయమేసింది నాకు.

ఆ ఏటి జట్టులో పన్నెండో పిల్లను అందరూ నత్త అనేవాళ్లు. పరిగెత్తమంటే ఆలోచించి పరిగెత్తేది. కానీ ప్రాక్టీసుకు అందరికంటే ముందొచ్చి, అందరూ వెళ్లాక వెళ్లేది. జెర్సీ కొలతలకు వచ్చి, "అంకె కాస్త పెద్దగా కుట్టండి పిన్నిగారూ. ఫైనల్స్‌కి మా నాన్న వస్తానన్నాడు, దూరం నుంచి కనబడాలి" అంది. పట్టినంత పెద్దగా కుట్టాను.

ఫైనల్స్‌కి నేనూ వెళ్లి బెంచీ వెనక వరసలో కూర్చున్నాను. నత్త వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆట సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు. "మా అమ్మాయి ఎప్పుడు దిగుతుందండీ?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆట చివరికొచ్చింది. మావాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. నత్త ఒక్కతే దిగలేదు. నేనిక ఉండబట్టలేక ముందుకు వంగాను.

"అక్కా, ఈ ఒక్కసారికి ఊరుకో. నీ జట్టు పోతుందే!"

అక్క వెనక్కి తిరిగింది. నన్ను చూడలేదు. నా పక్కన మెడ సాచి కూర్చున్న ఖాకీ చొక్కాను చూసింది.

"దిగమ్మా" అంది నత్తతో.

మధ్య గీత దాటి వస్తున్న అవతలి జట్టు పిల్ల చేతిలోంచి నత్త బంతి లాగేసుకుంది. లాక్కుని పరిగెత్తింది. అంత వేగం ఎక్కడ దాచుకుందో! ఎవరూ అడ్డు రాలేదు. ఎందుకొస్తారు? సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి. బెంచీ మీంచి మొదటి సగమంతా ఏ బాస్కెట్‌ను చూసి తహతహలాడిందో, నత్త ఆ బాస్కెట్‌లోనే వేసింది. ఇప్పుడది మావాళ్లు కాచుకోవాల్సిన బాస్కెట్. రెండు పాయింట్లూ అవతలి జట్టుకు పోయాయి.

అవతలివాళ్లు ఎగిరి గంతేశారు. మావైపు మాత్రం ఒకే ఒక్కడు లేచి చప్పట్లు కొట్టాడు.

"మా అమ్మాయండీ! చూశారా, మా అమ్మాయే!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక్క పాయింటు తేడాతో కప్పు పోయింది. నత్త తువ్వాలులో మొహం దాచుకుని వెక్కుతోంది. ఆ తండ్రి అక్క దగ్గరికొచ్చి, "కప్పు పోతే పోయింది టీచరమ్మా, మా పిల్ల వేసింది చూశారా?" అన్నాడు.

"చూశానండీ. అంత బాగా పరిగెత్తిన పిల్లను నేనింతవరకూ చూడలేదు" అంది అక్క.

చుట్టూ ఉన్న పిల్లలు ఒక్కరూ నోరు జారలేదు. కెప్టెన్ కళ్లు తుడుచుకుంటూ, "అవునంకుల్, సూపర్" అంది.

ప్రిన్సిపాల్ అన్న మాట నిలబెట్టుకుంది. అక్క లైబ్రరీలో కూర్చుంటోంది. ఈలను మెడలోంచి తీసి, నా మిషను సొరుగులో బొత్తాల మధ్య పడేసింది. పాలు పొంగితే ఇప్పుడు నోటితోనే చెబుతోంది. ఆ చెప్పడం వింటే నాకు దుఃఖం వస్తుంది.

ఈ ఏడు మొదటి మ్యాచ్‌కి రానంటే రానంది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి పై వరసలో కూర్చోబెట్టాను. కొత్త కోచ్ చురుకైన కుర్రాడే. మెరికల్లాంటి ఐదుగురిని దింపి, ఇక బెంచీ వైపు తిరిగి చూడలేదు. సగం ఆట అయ్యాక కెప్టెన్ "అబ్బా!" అని మడమ పట్టుకుంది. ఆమె బదులు ఇంకో పిల్ల దిగింది. కాసేపటికి ఒకతెకు నడుం పట్టేసింది. ఇంకొకతెకు కళ్లు తిరిగాయి. ఇలా ఒకరి తర్వాత ఒకరు బెంచీకి వస్తుంటే, బెంచీ మీదివాళ్లు కోర్టుకెళ్లారు. "ఇది జట్టా, ఆస్పత్రా?" అని కోచ్ తల పట్టుకున్నాడు.

ఆఖరికి నత్త మిగిలింది. మరొకతె మోకాలు పట్టుకోగానే లేచి, గీత దగ్గర ఆగి, బెదురుగా అటూ ఇటూ చూసింది. కెప్టెన్ కుంటడం మరిచిపోయి గీత వెంట పరిగెత్తుకెళ్లి, ఏ బాస్కెట్టో చెయ్యెత్తి చూపించింది.

"దొంగపిల్లలు! ఒక్కదానికీ ఏమీ కాలేదే" అంది అక్క. చెంపలు తడిసిపోయాయి, తుడుచుకోవడం కూడా లేదు. "నాకు అంకెలు ఆనడం లేదు. అందరూ దిగారా?"

"దిగారక్కా" అన్నాను. "పన్నెండు మందీ కనబడ్డారు."