మాత్ర పనిచేసే వేళ

పొద్దున మాత్ర వేసుకున్న ముప్పావుగంటకి బోర్డుల మాస్టారి కుడిచెయ్యి ఆయన మాట వింటుంది. అక్కణ్ణుంచి రెండు గంటలకు పైగా ఆయన ఎప్పటి మాస్టారే. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద బిగించి లాగి వదిలి గీత కొడతాడు. ఎడమచేత్తో కర్ర ఆనించి, దాని మీద కుడి మణికట్టు మోపి, అక్షరాలకు అంచులు దిద్దుతాడు. మాత్ర బలం దిగిపోయేలోగా అంచుల పని అయిపోవాలి. లోపల రంగు నింపేది ఆయన భార్య. పెళ్ళైన కొత్తలో సరదాకి కుంచె పట్టింది. పార్కిన్సన్స్ జబ్బు అని డాక్టరు చెప్పాక ఆ సరదాయే కొలువైంది.

ఆ వీధిలో సగం దుకాణాల మీద ఆయన అక్షరాలే. మిగతా సగం ఫ్లెక్సీలు. వాటి గురించి ఆయన్ని కదిలించకపోవడం మంచిది.

నరాల జబ్బుల పరిశోధనకి చందాలు పోగుచేసే సంఘం ఒకటి ఉంది. దాని కార్యదర్శి, బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి, కిందటేడు మాస్టారి దుకాణానికి వచ్చాడు. సంఘం వార్షిక సభలో మాస్టారు వేదిక మీద అందరూ చూస్తుండగా ఒక బోర్డు రాయాలి. జబ్బు ఉన్నా పని చేయవచ్చని జనానికి తెలియాలి అన్నాడు. వెంట ఒక పరిశోధకురాలు కూడా వచ్చింది.

"కొత్త ఆలోచన అనగానే పెద్ద నిధులు ఎవరూ ఇవ్వరు బాబాయిగారూ," అంది ఆ అమ్మాయి. "కాస్త రుజువు చూపిస్తేనే ఇస్తారు. ఆ కాస్త రుజువు సంపాదించడానికే మాకు చందాలు కావాలి."

గాజు పళ్ళేల్లో మెదడు కణాలు పెంచుతున్నామనీ, వాటికి రోజూ ఆహారం మార్చే సహాయకురాలి జీతం ఈ సంఘమే ఇస్తోందనీ చెప్పింది. ఒక్కవారం ఎవరూ చూడకపోతే కణాలు చచ్చిపోతాయట. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలట.

మాస్టారు వెంటనే ఒప్పుకున్నాడు. ఒక్కటే అడిగాడు. "నన్ను పదిన్నరకి పిలవాలి. పన్నెండు దాటితే నా చెయ్యి నాది కాదు."

"అదెంత పని!" అన్నాడు కార్యదర్శి.

సభ రోజు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుంచెలు గుడ్డలో చుట్టుకుని, పదింటికే ముందు వరసలో కూర్చున్నాడు. ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చాడు. ఆలస్యానికి క్షమాపణ చెప్పడానికే పావుగంట తీసుకున్నాడు. మాస్టారి భార్య లేచి కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది. "ఐదు నిమిషాలమ్మా," అన్నాడాయన. ఇంకోసారి వెళ్ళింది. "పెద్దాయన మాట్లాడుతున్నారు కదమ్మా, మధ్యలో ఎలా?" అన్నాడు. తర్వాతి మాత్ర ముందే మింగేయడానికి లేదు. దాని వేళకే అది.

ఒంటిగంట దగ్గర పడుతుండగా పిలిచారు. భార్య రెక్క పట్టుకుని వేదిక ఎక్కించింది. బోర్డు ముందుకి ఇంకో రెండడుగులు వేయాలి. కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. చేతిలో కుంచె దడదడలాడి ఎర్ర రంగు బోర్డు మీద, చొక్కా మీద, వేదిక మీద చిందింది. హాలంతా కళ్ళప్పగించి చూసింది. ఎవరో వెక్కి ఏడ్చారు. కార్యదర్శి మైకు అందుకున్నాడు. "చూడండి! ఈ చేతుల కోసం మీరేమీ చేయరా?" అంటూ చందా ఇచ్చేవాళ్ళని చేతులెత్తమన్నాడు. చేతులే చేతులు. వాలంటీర్లు పేర్లు రాసుకోలేక అవస్థపడ్డారు.

అలా నిలబడిపోయిన మనిషికి కుర్చీ వేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మర్నాడు కార్యదర్శి పూలగుత్తితో దిగాడు.

"మాస్టారూ, సంఘం పుట్టాక ఇన్ని హామీలు ఎప్పుడూ రాలేదు. అంతా మీ చలవే. వచ్చే ఏడాది కూడా మీరే. ఆ మాత్ర ఒకటి... కాస్త ఆలస్యంగా వేసుకుంటే..."

మాస్టారు నోరు తెరిచేలోగా ఆయన భార్య అందుకుంది.

"అలాగే సార్. మీరు కూడా కళ్ళజోడు తీసేసి ఉపన్యాసం చదవండి. తడుముకుంటుంటే కంటి జబ్బులకి కూడా చందాలొస్తాయి."

"అయ్యో, నా ఉద్దేశం..."

"నేను రాయడానికొచ్చాను," అన్నాడు మాస్టారు. "మీరు రాయనివ్వలేదు. పదిన్నర అన్నాను. నోటితో చెప్పాను కదండీ, సైగ చేశానా? ఆయనగారి ఉపన్యాసం ఆపలేరు, నా చెయ్యి మాత్రం ఆగి ఉండాలా?"

పూలగుత్తి టర్పెంటైన్ డబ్బా పక్కన పడి ఉంది. దాన్ని ఎవరూ నీళ్ళలో పెట్టలేదు.

అయినా మాస్టారు అంతటితో వదిలేశాడు. డబ్బు వచ్చిందిగదా, కణాలు బతుకుతాయిగదా అని. నలుగురిలో పోయిన పరువు ఆ లెక్కన సరిపెట్టుకున్నాడు.

ఎనిమిది నెలలకి కార్యదర్శి మళ్ళీ వచ్చాడు. ఈసారి పూలు లేవు. ఆ రోజు చెయ్యెత్తినవాళ్ళలో ఐదోవంతు మందే ఇచ్చారు. ఫోను చేస్తే "ఏ సంఘం? ఏ జబ్బు?" అంటున్నారట. సహాయకురాలికి జీతం ఇవ్వలేక పంపించేశారు. కణాలు పోయాయి. పరిశోధకురాలు తీరిక ఉన్నప్పుడల్లా తనే కొత్తవి పెంచుకుంటోంది.

మాస్టారి మొహం కందగడ్డలా అయింది. వేదిక మీద కూడా ఆయనకి అంత కోపం రాలేదు.

"అంటే... కళ్ళప్పగించి చూసినవాళ్ళు ఇవ్వలేదా?"

"టికెట్టు లేకుండా చూశారన్నమాట," అంది భార్య.

"ఏడ్చారుగదండీ! ఇంటికెళ్ళి మొహం కడుక్కోగానే అయిపోయిందా? ఆ అమ్మాయి పని ఒక్క పూటలో తేలేదా?"

"ఏం చేయమంటారు చెప్పండి," అన్నాడు కార్యదర్శి. నిజంగానే అడిగాడు.

మాస్టారు కుంచె తుడుచుకుంటూ చెప్పాడు. "చేతులెత్తించడం మానండి. నెలనెలా ఎంతో కొంత బ్యాంకు నుంచి దానంతటదే వచ్చేట్టు తలుపు దగ్గరే సంతకాలు తీసుకోండి. కాఫీ డబ్బులంత చాలు, కానీ ఆగకూడదు. అమ్మాయిని మాట్లాడించండి, నన్ను కాదు. నేను రాస్తాను. మొట్టమొదట రాస్తాను. ఎవరొచ్చినా రాకపోయినా పదింటికి మొదలుపెడతాను."

"ముఖ్య అతిథి తన ముందు ఇంకో కార్యక్రమం ఉంటే ఒప్పుకోరు మాస్టారూ."

"అయితే నేను ఒప్పుకోను."

కార్యదర్శి రెండు రోజులు ఆలోచించుకుని సరేనన్నాడు. ముఖ్య అతిథి రానని కబురు పెట్టాడు. ఆయన వెంట వచ్చేవాళ్ళు కూడా రాలేదు. ఆ ఏటి సభకి హాలు సగమే నిండింది. పదింటికి మాస్టారు దారం లాగి గీత కొట్టాడు. పక్కనే పరిశోధకురాలు గాజు పళ్ళెం చేత్తో ఎత్తి చూపిస్తూ, కిందటి సభ తర్వాత ఏం పోయిందో, అది మళ్ళీ రావడానికి ఏం కావాలో చెప్పింది. మొదటి వరసలో ఒకాయన, "ఏదీ, ఇంకా వణకడం లేదేం?" అని పక్కవాడిని అడిగాడు.

"మధ్యాహ్నం దాకా ఉంటే చూపిస్తారు, మీరు సంతకం పెట్టి కూర్చోండి," అంది మాస్టారి భార్య రంగు నింపుతూనే.

పదకొండున్నరకి బోర్డు పూర్తయింది. పరిశోధకురాలి గది తలుపు మీద పెట్టడానికి రాసింది అది. ఆ పూట నెలనెలా ఇస్తామని సంతకాలు పెట్టినవాళ్ళు నలభై ఒక్కమంది. సహాయకురాలిని మళ్ళీ పెట్టుకోవడానికి డెబ్బైమంది కావాలి.