గడప దగ్గర నల్లబడ్డ బొమ్మ

మొన్న గుంటూరులో టీవీల షాపుకెళ్తే, సేల్స్‌మన్ నా మోచెయ్యి పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకి నడిపిస్తూ, ఏ మూల నుంచి చూసినా బొమ్మ ఒకేలా ఉంటుందండీ అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ మాటతో నా కళ్లముందుకి మా ఊరి వంటింటి గడప, అక్కడో పీట, పీట మీద మా అమ్మ వచ్చారని పాపం అతనికేం తెలుసు!

డబ్బా టీవీ గురించి మీకు నేను చెప్పాలా? మాది ముందుకంటే వెనకే పొడుగు. బల్ల మీదికి ఎక్కించడానికి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, మోసే ముఠావాళ్లే రావాల్సొచ్చింది, ఎక్కించిన రోజు మా ఇల్లు బెత్తెడు కుంగింది కూడా. అందులో ఎరుపు గీత దాటి పొంగేది. హీరోయిన్ ఎర్రచీర కట్టుకొచ్చిందంటే, కల్లంలో మిరపకాయ తిరగేసినట్టు ఇంటిల్లిపాదికీ తుమ్ములే. నమ్మకపోతే మానెయ్యండి. కానీ ఆ మసకబొమ్మని అది అందరికీ సమానంగా పంచేది, ఎదురుగా నులకమంచం మీదున్న తాతయ్యకైనా, మామగారి ముందు కూర్చోకూడదని గడప దగ్గర ఓరగా పీట వేసుకునే అమ్మకైనా.

రెండువేల సంవత్సరం దాటాక, నరసరావుపేటలో పత్తి జిన్నింగు మిల్లులో ఉద్యోగం దొరికిన సంబరంలో, నేను పలకలాంటి కొత్త టీవీ కొనుక్కొచ్చాను. దుమ్ము తగలకుండా తాతయ్య దాన్ని ఎత్తు బీరువా మీద పెట్టించాడు. ఆకాశం అంత నీలంగా ఉంటుందని, గడ్డిపరకలు విడివిడిగా ఉంటాయని మాకు ఆ రోజే తెలిసింది. అమ్మ మాత్రం, ఏంట్రా, మొహాలన్నీ మసిపట్టినట్టున్నాయి, అంది.

మా వైపు ఏ జబ్బుకైనా ముందు మిరపకాయనే బోనెక్కిస్తారు. ఏళ్ల తరబడి తెల్లబారిన తాలుకాయలు ఏరి, ఆ ఘాటుకి కోడలి కళ్లు పోయాయని తాతయ్య తేల్చేశాడు. ఇక కల్లంలోకి అడుగుపెట్టొద్దన్నాడు. కాయ రంగు చూసి అది ఏ చేలో పండిందో చెప్పగల మనిషి, అరుగు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. పేటలో కళ్ల డాక్టరు చూపు బ్రహ్మాండమన్నాడు. ముందు ఆయన చూపించుకోవాలి అన్నాడు తాతయ్య. అమ్మ అన్నం వడ్డిస్తూ మా మొహాలకేసి అవసరంకంటే ఎక్కువసేపు చూసేది, తర్వాత కోసం దాచుకుంటున్నట్టు.

తాతయ్యకి షుగరు, తీపి నిషేధం. ఓ మధ్యాహ్నం అమ్మ పెరట్లోకెళ్లడం చూసి, ఆయన వంటింట్లో దూరి బెల్లంముక్క నోట్లో వేసుకుని, తీరిగ్గా చప్పరించడానికి అమ్మ పీట మీదే కూలబడి టీవీకేసి చూశాడు.

"ఒరేయ్! నా కళ్లూ పోయాయిరోయ్!"

ఆ కేక నరసరావుపేట దాకా వినపడింది. పరిగెత్తుకెళ్లి నేనూ పక్కన చతికిలపడ్డాను. నావీ పోయాయి. లేచి మంచం దగ్గరికొస్తే తిరిగొచ్చాయి! కంగారుగా వచ్చిన అమ్మకి, పోయింది కళ్లు కాదు బొమ్మేనని, కింద నుంచి ఓరగా చూస్తే ఆ టీవీ అంతేనని చెప్పాను. అమ్మ తన పీటకేసి, బీరువా మీది టీవీకేసి మార్చి మార్చి చూసింది. తర్వాత, "కళ్ల సంగతి సరే మామయ్యగారూ, మూతికి ఆ బెల్లమేంటి?" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, నవ్వడానికో ఏడవడానికో.

ఇటొచ్చి మంచం పక్కన కూర్చోమ్మా అన్నాడు తాతయ్య. అమ్మ రాలేదు. మర్నాడు ఆయన టీవీ మూతిని గడప వైపు తిప్పించి, ముందుకి వంగేలా వెనక చెక్కముక్క పెట్టించాడు. ఇప్పుడు ఆయనకి నల్లమొహాలు. నాకు వినపడితే చాల్లే అని, ఆ మసిబొమ్మల ముందే హాయిగా కాళ్లూపుతూ కూర్చున్నాడు. అది చూడలేక అమ్మ తన పీటని సాయంత్రానికి కాస్త చొప్పున జరుపుకుంటూ, కల్లంలో తను మళ్లీ వెళ్లి ఆరబోసిన కాయ ఎండేలోగా మంచం పక్కకి చేరిపోయింది. టీవీ మళ్లీ తిన్నగా తిరిగింది.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. కొత్త టీవీ కొనుక్కొచ్చి గోడకి బిగించాక, వంటగది గుమ్మంలో చతికిలపడి ఓరగా చూశాను. సేల్స్‌మన్ అబద్ధమాడలేదు, మొహాలు తళతళలాడుతూనే ఉన్నాయి. దీని ముందు ఎవరి కోసం ఎవరూ జరగనక్కర్లేదు.