పదకొండు కార్లకు ఎదురొచ్చిన మనిషి

మీరు కారు తాళం తిప్పే ముందు రేడియేటర్‌లో నీళ్లున్నాయా అని చూస్తారా, వీధిలో ఎవరు ఎదురొస్తున్నారా అని చూస్తారా? నిజం చెప్పండి. కలకత్తాలో మా తెలుగువాళ్ల పాత కార్ల సంఘంలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. రేడియేటర్ మూత తీసి చూసేవాళ్లు మాలో సగం మంది. ఎదురు చూసుకోనివాడు ఒక్కడూ లేడు.

మాకో ఆచారం ఉంది. ఏడాదికోసారి పన్నెండు కార్లూ భవానీపూర్‌లో ఒక వీధి పక్కన వరసగా నిలబడతాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. సంఘం అధ్యక్షుడి భార్య పసుపు కుంకుమల పళ్లెంతో మొదటి కారుకు ఎదురు నడిచి వస్తుంది. ఆ తర్వాతే బయలుదేరి, ఖిదిర్‌పూర్ మీదుగా నది ఒడ్డుకు వెళ్లి, అక్కడ తిని, సాయంత్రానికి ఇళ్లకు చేరతాం.

మొదటి కారు ఎప్పుడూ వాట్‌గంజ్ నుంచి వచ్చే ఒకాయనది. కార్పొరేషన్ లారీ డ్రైవరు. ఎవరో తుక్కు కింద వదిలేసిన కారును కొని, తన చేతులతో బాగు చేసుకున్నాడు. వానాకాలంలో ఏ రోడ్డు ఎక్కడ కుంగుతుందో ఆయనకు తెలుసు కాబట్టి ముందు ఆయన, వెనక మేము. కిందటి చలికాలంలో ఆయన పోయాడు. ఈసారి కారును ఆయన భార్య నడుపుకుంటూ వచ్చింది. పక్కసీట్లో కూర్చుని రోడ్లు నేర్చుకుంది, ఆయన దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు కూడా తీసుకుంది. తెల్లవారుజాము నుంచి కురుస్తున్న వానలో అందరికంటే ముందొచ్చి, మొదటి చోటులో కారు ఆపింది.

అధ్యక్షుడు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. గొడుగు వేసుకుని ఆమె కిటికీ దగ్గరకు వెళ్లాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. ఈసారి మీరు చివర్లో రండి. నాకు పట్టింపు లేదు, ఆడవాళ్లు ఏమైనా అనుకుంటారని..."

"ఏటి బాబూ, ఈ వానలో దారెవులు సూపిత్తారు? మీకు ఆ గుంటలు తెలుసునేటి?"

"మేం చూసుకుంటాంలెండి."

ఆమె గేరు మీద చేయి వేసింది. "ఎనక్కి పొమ్మంటే పోతాను. కానీ వచ్చే యేడు రాను. ఇంటికెళ్లి బండి అమ్మేత్తాను. మా ఆయన చోటు లేనప్పుడు నాకు బండెందుకు?"

ఇదంతా మూడో కారులో ఉన్న నాకు వినిపించింది. శకునాలు మూఢనమ్మకమని ముప్పై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్నవాణ్ణి. సభల్లో బల్ల గుద్ది మాట్లాడినవాణ్ణి. ఆ నిమిషంలో దిగి వెళ్లాల్సింది పోయి, వైపర్ సరిగా పనిచేస్తోందా అని చూసుకుంటూ కూర్చున్నాను. రాసిన వ్యాసాలన్నీ కలిపినా ఆ నిమిషానికి పరిహారం కావు.

ఆమె కారు తిప్పింది. వరస చివరికి చేరాలంటే మా అందరి ముందు నుంచీ, మా వైపు ముఖం పెట్టి రావాలి కదా. అలాగే వచ్చింది. అప్పటికే తన కారెక్కిన అధ్యక్షుడి కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"దాదా, ఖిదిర్‌పూర్లో ఎడం పక్కకి ఎల్లకండి. పైపులకని తవ్వేసి ఒదిలేసినారు. నడి మజ్జిలోంచి పోనివ్వండి."

ఆయన తల ఊపాడు. ఆమె వరస చివరికి వెళ్లి ఆగింది. పళ్లెం ఎదురొచ్చింది, నిమ్మకాయలు నలిగాయి, అధ్యక్షుడి కారు ముందుకు కదిలింది.

ఖిదిర్‌పూర్‌లో నీళ్లు మోకాలి లోతున ఉన్నాయి. ఎదురుగా బస్సు వస్తే అధ్యక్షుడు కారును ఎడమకు తిప్పాడు. ముందు చక్రం గుంటలో దిగింది. నీళ్లు ఇంజన్ మీదికి చిమ్మాయి. కారు ఒకసారి దగ్గి ఆగిపోయింది. నేను ప్యాంటు పైకి మడిచి దిగి వెళ్లాను.

"చూశారా మాస్టారూ!" అన్నాడాయన. "పొద్దున్నే ఎదురొచ్చింది. ఇంకేమవుతుంది?"

ఈసారి నేను నోరు మూసుకోలేదు. "ఆమె మొదటి చోటులోనే ఉంటే మీకు వీపు కనపడేది. వెనక్కి పొమ్మని ఎదురు తెప్పించుకున్నది మీరే. పైగా ఎదురొచ్చింది మీ ఒక్కరికేనా? పదకొండు కార్లకూ వచ్చింది. గుంటలో పడింది ఒక్కటి. ఆమె మాట విని కూడా ఎడమకు పోయిన కారు!"

అంతలో ఆమె నీళ్లలో నడుచుకుంటూ మమ్మల్ని దాటింది. చీర మోకాళ్ల దాకా దోపుకుని, పాదాలతో రోడ్డు తడుముతూ, ఒక్కో కారునూ చేయి ఊపి నడిమధ్య నుంచి దాటించింది. తర్వాత తన కారు తెచ్చి, డిక్కీలోంచి భర్త వాడిన మోకు తీసి, అధ్యక్షుడి కారుకు కట్టి లాగింది. పొడి నేల మీదికి వచ్చాక బానెట్ ఎత్తి, ప్లగ్గులకు కరెంటు పంచే మూతను విప్పి, గమ్చా తువ్వాలుతో తుడిచింది. కారు మళ్లీ స్టార్టయింది. ముహూర్తం ఎవరూ అడగలేదు.

అప్పుడు అధ్యక్షుడి భార్య కారు దిగి, పళ్లెం వెనక సీట్లో వదిలేసి, వెళ్లి ఆమె కారులో ముందు సీట్లో కూర్చుంది.

"ఏమిటది?" అన్నాడు భర్త.

"నా కాళ్లు తడిశాయి. దారి తెలిసిన బండిలో వస్తాను. ఆడవాళ్లు ఏమైనా అనుకుంటారన్నారుగా, ఇదే అనుకున్నాను."

"రండి వదినా," అంది ఆమె, "అద్దం కొంచెం కిందికి దింపండి, ఆవిరి కమ్మేత్తంది."

నేను నా కారును వాళ్ల వెనక నిలిపాను. నా వెనక ఒక్కొక్కరే వచ్చారు. అధ్యక్షుడు కారెక్కి వరసలో ఆఖరి చోటుకు చేరాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కూడా అదే వరస. ఆ కారు అమ్మలేదు. ఇప్పుడూ వాట్‌గంజ్‌లోనే ఉంది.

ఒక్క మాట. ఆ రోజు ఆమె కారే గుంటలో పడి ఉంటే? అప్పుడు కూడా ముందు చోటు ఆమెదే. దారి తెలిసినవాళ్లు ముందుండాలి. వాళ్ల కారు ఆగితే తాడు కట్టి లాగాలి. ఆమె గెలిచింది కాబట్టి శకునాలు లేవన్న నా మాట నిజమని ఎవరైనా అంటే, ఆ వాదన కూడా నాకు అక్కర్లేదు.

మీ ఇంట్లో అందరూ బయలుదేరుతుంటే తలుపు చాటుకు తప్పుకునే మనిషి ఎవరో మీకు తెలుసు. నాలాగా వైపర్ చూసుకుంటూ కూర్చోకండి. ఈసారి తాళం తిప్పే ముందు ఆమెను పేరు పెట్టి పిలవండి. అందరూ చూస్తుండగా మీ కారుకు ఎదురు నడవమనండి. తర్వాత తలుపు తీసి ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఆమెకు నడపడం వస్తే తాళం ఆమె చేతికివ్వండి.